వెళ్ళిపోయామంటే సరిపోతుందా!

మా రోజుల్లో ఒక దేశంతో తెగతెంపులు చేసుకున్నామంటే ఆ సంగతి పాస్‌పోర్టులో అచ్చయి ఉండేది. ఏయే దేశాలకు చెల్లుతుందో రాసే చోట ‘దక్షిణాఫ్రికా రిపబ్లిక్ తప్ప అన్ని దేశాలు’ అని ఉండేది. మస్కట్‌కి తాపీ పనికి పోయే మా నెల్లూరు జిల్లా కుర్రాడు కూడా ఆ మాట జేబులో పెట్టుకునే విమానం ఎక్కేవాడు. ఎందుకలా రాశారని అడిగితే చెప్పగలిగేవాడు కూడా: అక్కడి తెల్ల సర్కారు నల్లవాళ్ళనీ, మనవాళ్ళనీ మనుషుల్లా చూడదు కనక.

ఇప్పుడో? 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మూడు రోజులకల్లా బ్రిటన్ చమురు కంపెనీ బీపీ, రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌లో తన వాటా వదులుకుంటానంది. వారం పది రోజుల్లో పేరున్న కంపెనీలెన్నో వరసపెట్టి ప్రకటనలు ఇచ్చేశాయి. ఫోన్ల నిండా జెండాలు, చప్పట్లు. ఆ తర్వాత ఎవరు నిజంగా వెళ్ళారు, ఎవరు ఉండిపోయారు అని కనుక్కున్నవాళ్ళు ఎంతమంది? నా బాధంతా అక్కడే.

మెక్‌డొనాల్డ్స్ సంగతే చూడండి. 1990 జనవరి 31న మాస్కో పుష్కిన్ కూడలిలో మొదటి హోటల్ తెరిస్తే ఆ ఒక్కరోజే ముప్ఫై వేల మంది వచ్చారు. 2022 మార్చిలో తాత్కాలికంగా మూశారు, మే నెలలో అమ్మేస్తున్నామన్నారు. అప్పటికి రష్యాలో సుమారు 850 హోటళ్ళు, 62,000 మంది సిబ్బంది. జూన్ 12న అదే పుష్కిన్ కూడలిలో, అదే వంటగదిలో, కొత్త యజమాని కొత్త పేరుతో పొయ్యి వెలిగించాడు. కొన్ని సాస్ పొట్లాల మీద పాత గుర్తు కనపడకుండా నల్ల ఇంకు పూసి ఇచ్చారు. పదిహేనేళ్ళలోపు కావాలంటే తిరిగి కొనుక్కునే హక్కు మాత్రం కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది. రెనో అయితే లాడా కార్లు చేసే అవ్‌తోవాజ్‌లో తన వాటాని ఒక్క రూబుల్‌కి రష్యా ప్రభుత్వ సంస్థకి ఇచ్చేసింది, అదీ ఆరేళ్ళలో తిరిగి తీసుకోవచ్చన్న షరతుతో. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

“తాతయ్యా, మీ రోజుల్లో మాత్రం కంపెనీలు నిజంగా వెళ్ళాయా?” అంటాడు మా మనవడు. మంచి ప్రశ్నే. 1986లో జనరల్ మోటార్స్, ఐబీఎం దక్షిణాఫ్రికా వదిలేస్తున్నామని చెప్పి, అక్కడి తమ మేనేజర్ల చేతిలోనే వ్యాపారం పెట్టి వచ్చాయి. సరుకు, విడిభాగాలు పోతూనే ఉన్నాయి. కంపెనీల గుణం అప్పుడూ ఇదే. కాకపోతే వాళ్ళ వెంటపడ్డ జనం వేరు. అమ్మేశాం అన్న కాగితం చూసి ఇంటికి పోలేదు వాళ్ళు. లైసెన్సు ఎవరిది, విడిభాగాలు ఎవరు పంపుతున్నారు అని మళ్ళీ గేటు దగ్గరికొచ్చి అడిగారు.

డబ్లిన్‌లో డన్స్ స్టోర్స్ అని ఒక పెద్ద కొట్టు. 1984 జులైలో అక్కడ బిల్లు కొట్టే మేరీ మానింగ్ అనే ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి దక్షిణాఫ్రికా గ్రేప్‌ఫ్రూట్ పండ్లకి బిల్లు కొట్టనంది. వాళ్ళ యూనియన్ తీర్మానం అది. సస్పెండ్ చేశారు. ఆమె వెంట పదిమంది దాకా బయటికొచ్చి కొట్టు ముందు నిలబడ్డారు. యూనియన్ ఇచ్చే వారానికి 21 పౌండ్ల మీద, ఐర్లండ్ చలిలో, ఇంచుమించు మూడేళ్ళు! మొదట్లో వాళ్ళకి దక్షిణాఫ్రికా గురించి పెద్దగా తెలియదు కూడా. నిలబడ్డాక తెలుసుకున్నారు. చివరికి 1987లో ఐర్లండ్ ప్రభుత్వమే దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయలు దేశంలోకి రాకుండా నిషేధించింది. బ్రిటన్‌లో విద్యార్థులు బార్‌క్లేస్ బ్యాంకులో ఖాతా తెరవబోమని ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 1986లో ఆ బ్యాంకు తన వాటా అమ్ముకుని బయటపడింది.

అప్పట్లో దక్షిణాఫ్రికా చేసింది వర్ణవివక్ష ఒక్కటే కాదు. 1975 నుంచి అంగోలాలోకి సైన్యాన్ని పంపుతూ, నమీబియాని గుప్పిట్లో పెట్టుకుని, పొరుగు దేశాల మీద యుద్ధం చేస్తూనే ఉంది. ఆ సైన్యానికి ట్రక్కులూ, పెట్రోలూ, బ్యాంకు అప్పులూ ఎక్కణ్ణించి వస్తున్నాయో జనం లెక్క అడిగారు. ఇప్పుడు రష్యా విషయంలో అడగాల్సిందీ అదే. అక్కడ వ్యాపారం చేస్తున్న ప్రతి కంపెనీ కట్టే పన్ను ఆ ఖజానాకే చేరుతుంది. ఉద్యోగికి సైన్యం పిలుపు వస్తే ఆ నోటీసు అతని చేతికి అందించే బాధ్యత కూడా రష్యా చట్టం కంపెనీ మీదే పెట్టింది. సబ్బులమ్మే కంపెనీ తన గుమస్తాని యుద్ధానికి పంపే కాగితం తనే ఇవ్వాలి. మందులమ్మేవాళ్ళని ఉండనివ్వండి, రోగికి శత్రువు లేడు. సబ్బులకీ, చాక్లెట్లకీ, బీరుకీ ఏం అవసరం వచ్చింది?

ఆలస్యం చేసినవాళ్ళకి దారి కూడా మూసుకుపోయింది. 2023 జూన్‌లో తన రష్యా వ్యాపారానికి కొనేవాడు దొరికాడని బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ చెప్పింది, జులైలో ఆ కంపెనీ బాల్టికా వ్యాపారాన్ని క్రెమ్లిన్ తన అజమాయిషీలోకి తీసేసుకుంది. అదే ఏడు ఆగస్టులో హైనెకెన్ ఒక్క యూరోకి అమ్ముకుని, 30 కోట్ల యూరోల నష్టంతో బయటపడింది. 2022 చివరికి వెళ్ళిపోయేవాడు తన వ్యాపారం మార్కెట్ విలువలో 10 శాతం రష్యా ఖజానాకి కట్టాల్సి వచ్చేది, 2024 చివరికి అది 35 శాతం అయింది. మొదటి నెలలోనే జనం గట్టిగా పట్టుకుని ఉంటే ఆ డబ్బు ఆ ఖజానాకి చేరేదా?

మన సంగతి చెప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది. స్వాతంత్ర్యం రాకముందే, 1946లోనే, దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం మనది. అప్పటి మన ఎగుమతుల్లో 5 శాతం పైన పోయినా వెనకాడలేదు. 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్‌కి చేరాం, అమృతరాజ్ సోదరులు మంచి ఊపులో ఉన్నారు, ఎదురుగా దక్షిణాఫ్రికా. ఆడబోమన్నాం. ఆ కప్పు ఈనాటికీ మనకి రాలేదు. అయినా ఆడబోమన్న మాట మీదే నిలబడ్డాం. అలాంటి దేశం ఉక్రెయిన్ యుద్ధానికి ముందు చమురు దిగుమతుల్లో 2 శాతం కూడా రష్యా నుంచి కొనేది కాదు, ఆ తర్వాత మూడో వంతు దాటించింది. చవకగా వచ్చింది, నిజమే. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు బంకర్లలో తలదాచుకుని, పుస్తకాలు వదిలేసి ఇంటికొచ్చారు. ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి రష్యాకి తీసుకెళ్తే, హైదరాబాద్ కుర్రాడొకడు 2024లో ఆ యుద్ధంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇవి జరిగాక కూడా చవక అనే మాట ఎలా నోట వస్తుందో నాకు అర్థం కాదు.

ఆ చమురు సాకుతోనే అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద మరో 25 శాతం సుంకం వేసి, మొత్తం 50 శాతం చేసింది. దెబ్బ ఎవరికి తగిలింది? భీమవరంలో, మా నెల్లూరులో రొయ్యల చెరువు రైతుకి. మేతకీ, ఏరియేటర్ల కరెంటుకీ అప్పు తెచ్చి, పట్టుబడి వేళకి కౌంటు ధర తగ్గించేశారని నెత్తిన చెయ్యి పెట్టుకున్నవాడికి రష్యా చమురుతో సంబంధమేమిటి? ఒత్తిడి పెట్టాల్సింది లాభం తిన్నవాడి మీద. మా రోజుల్లో ఆ గురి తప్పలేదు.

ఆ గురి నేర్పినవాళ్ళలో మా గూడూరు దగ్గరి పల్లపట్టి మనిషి ఒకాయన ఉన్నారు. ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారు. 1963 నుంచి ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కమిటీకి కార్యదర్శిగా పనిచేశారు. ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు, ఫైళ్ళు రాసి, మనుషుల్ని కలిపిన మనిషి. దక్షిణాఫ్రికా ఆయనకి 2013లో తమ జాతీయ పురస్కారం ఇచ్చింది. మన ఊళ్ళలో ఎంతమంది పిల్లలకి ఆయన పేరు తెలుసు? ఆ కాలంలోనే దక్షిణాఫ్రికా వెళ్ళి పాడినవాళ్ళ, ఆడినవాళ్ళ పేర్లు సమితి జాబితాలుగా అచ్చువేసింది. మళ్ళీ వెళ్ళనని రాసిచ్చిన కళాకారుడి పేరే అందులోంచి తీసేవాళ్ళు.

ఉక్రెయిన్ కూడా అలాంటి జాబితా ఒకటి పెట్టింది, రష్యాలో ఉండిపోయిన కంపెనీలకి యుద్ధ పోషకులని పేరు పెట్టి. మొదట్లో బాగానే పనిచేసింది. 2023లో స్కాండినేవియా విమాన సంస్థలు అందులో ఉన్న మాండలీజ్ చాక్లెట్లు కొనడం ఆపేశాయి. రైఫైసెన్ అనే ఆస్ట్రియా బ్యాంకు పేరూ అందులో ఉండేది. యూరప్ వేయబోయే కొత్త ఆంక్షలకి ఆస్ట్రియా అడ్డం నిలబడింది, 2023 డిసెంబరులో బ్యాంకు పేరు పక్కన పెట్టాకే ఒప్పుకుంది. 2024 మార్చిలో జాబితానే ఎత్తేశారు. ఆ రోజుకీ ఆ బ్యాంకు మాస్కోలో తలుపులు తెరుచుకునే ఉంది.