లాక్ దొరగారూ, ఓసారి మా చెరువుగట్టుకు రండి!

ఆస్తి ఎవరిది? కష్టపడ్డవాడిది. ఈ సంగతి 1689లోనే తేల్చేశాడు ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్. ఎవరిదీ కాని నేలలో నీ చెమట కలిపావా? ఆ నేల నీదే. ఒక్కటే షరతు: మిగతావాళ్లకూ అంత మంచిది, చాలినంత మిగల్చాలి. వినడానికి ఎంత బాగుంది! కానీ అదే దొర, తన పనివాడు కోసిన గడ్డి తన ఆస్తేనని కూడా రాశాడు. మరి పనివాడి చెమట? అడక్కండి. మనిషి ఒళ్లు ఆ మనిషిదేనని రాసిన పెద్దమనిషి, బానిసల్ని అమ్ముకునే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు కొన్నాడు. మన నాయకులకు ఇంతకంటే తగిన గురువు దొరుకుతాడా?

హైదరాబాద్‌లో ఆయన సూత్రం దివ్యంగా అమలవుతోంది. చెమటకు బదులు మట్టి కలుపుతున్నాం, అంతే తేడా. రాత్రి నాలుగు లారీల మట్టి. తెల్లారేసరికి ప్రహరీ. సాయంత్రానికి ‘లేక్ వ్యూ’ బోర్డు. అబద్ధమేమీ కాదు లెండి. గట్టి వాన పడితే చెరువు నట్టింట్లోనే కనిపిస్తుంది.

1974లో రాబర్ట్ నోజిక్ అనే అమెరికన్ పండితుడు లాక్‌ను ఓ ప్రశ్నతో ఇరుకున పెట్టాడు. డబ్బాడు టొమాటో రసం సముద్రంలో పోస్తే సముద్రం నా సొంతమవుతుందా, రసం దండగవుతుందా? పాపం, హార్వర్డ్‌లో కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. మన రియల్టర్‌ను అడిగితే క్షణంలో చెప్పేవాడు: “సముద్రం మనదే సార్. సర్వే నంబరు సంగతి నాకొదిలేయండి.”

చెరువులో లేఅవుట్ వేస్తుంటే కళ్లు మూసుకున్నదెవరు? రిజిస్ట్రేషన్ చేసిందెవరు? కరెంటు మీటరు బిగించిందెవరు? ఏటా ఆస్తిపన్ను కట్టించుకున్నదెవరు? అన్నీ అయ్యాక, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చడానికి హైడ్రా అనే సంస్థ పుట్టింది. బుల్డోజర్ కదిలింది. అప్పు చేసి కొనుక్కున్నవాడి గోడ కూలింది. సంతకాలు పెట్టిన కుర్చీల్లో ఎన్ని కూలాయి?

న్యాయం కావాలంటే కళ్లకు తెర కట్టుకుని నియమాలు రాయమన్నాడు జాన్ రాల్స్ అనే మరో అమెరికన్ పండితుడు, 1971లో. రేపు బంగళాలో పుడతావో, గుడిసెలో పుడతావో తెలియకుండా రాస్తే పక్షపాతం ఉండదట. తెర మన దగ్గరా ఉంది. కాకపోతే రైతు కళ్లకే కట్టాం. రింగురోడ్డు ఎవరి పొలంలోంచి పోతుందో అతనికి తెలియదు. గీత గీసేవాళ్లకు తెలుసు. వాళ్ల బావమరుదులకు ఇంకా ముందే తెలుసు.

ఇక అసలు చెమట సంగతి. సొంత నేల లేక, పొద్దస్తమానం పరాయి మట్టిలో చెమట కలిపేవాడు కౌలు రైతు. లాక్ లెక్కన మహారాజు కావాలి కదా? 2018లో తెలంగాణలో రైతుబంధు తెచ్చారు. ఎకరాకు సీజనుకు 4 వేలు. ఎవరికి? పట్టా ఉన్నవాడికి. జూబ్లీహిల్స్‌లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నా సరే, అతనే రైతు. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. పహాణీలో సాగు చేసేవాడి కాలమే ఎగిరిపోయింది. అవతల ఆంధ్రాలో 2019 చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తామంది. యజమాని సంతకం పెడితేనే, అదీ 11 నెలలకే. హక్కు పత్రమా, అద్దె స్కూటరా?

ఇటు తెలంగాణలో, 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతుకూ ఎకరాకు ఏడాదికి 15 వేలంది. చప్పట్లు మోగాయి. ఓట్లు పడ్డాయి. 2025 జనవరికి 15 కాస్తా 12 అయింది. కౌలు రైతు? ఎవరాయన?

రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షల బీమా ఉంది కదా అంటారు. ఉంది. రైతుకే ఉంది. అప్పుల బాధతో కౌలు రైతు పురుగుమందు తాగితే ఆఫీసు వాకిట్లో అతని భార్యకు ఎదురయ్యే మొదటి ప్రశ్న తెలుసా? “పాస్‌బుక్కు ఎవరి పేరు మీదుందమ్మా?”