ఎయిర్ రెగ్యులేషన్స్ గట్టెక్కడానికి ఎనిమిది అడ్డదారులు

గ్లైడర్ నేర్చుకోవడానికి చేరిన పిల్లలందరికీ ఒకటే బెంగ: ఎయిర్ రెగ్యులేషన్స్. గాలి, రెక్కలు, మేఘాలు అంటూ ఊపుగా వచ్చినవాడి చేతిలో షెడ్యూళ్లు, అనుబంధాలు, సవరణలు పెడితే ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటివాళ్ల కోసమే ఈ చిట్కాలు. పాటిస్తే పరీక్ష ఎలాగోలా గట్టెక్కవచ్చు. ఆ తరవాత ఏమవుతుందన్నది చిట్కాల పరిధిలోకి రాదు.

1. ఇవి మనకు వర్తించవని ముందే తేల్చుకోండి

గ్లైడర్‌కి ఇంజిన్ లేదు. ఇంజిన్ లేనిది ఎయిర్‌క్రాఫ్ట్ ఎలా అవుతుంది? ఈ ఒక్క వాదనతో సగం పుస్తకం పక్కన పెట్టేయవచ్చు. గాలికన్నా బరువైనదీ, యంత్రశక్తితో నడవనిదీ అయిన ఎయిర్‌క్రాఫ్టే గ్లైడర్ అని 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ నిర్వచనాల్లో ఉంటుంది. కాబట్టి నిర్వచనాల జోలికి పోకండి. అవి చదివితే వాదించడానికి ఏమీ మిగలదు.

2. పుస్తకం పాతదే కొనండి

కోఠీ పాత పుస్తకాల కొట్లో బేరమాడితే చవగ్గా వస్తుంది. ముందు చదివినవాడు ముఖ్యమైనచోట్ల గీతలు కూడా గీసి పెట్టి ఉంటాడు. చట్టమంటే 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ యాక్టేనని అందులో రాసి ఉంటుంది. దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 వచ్చిందనీ, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉందనీ ఎవరైనా అంటే చాదస్తమని కొట్టిపారేయండి. తొంభై ఏళ్ల చట్టం రాత్రికి రాత్రి ఎక్కడికి పోతుంది? తాజా నిబంధనలు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది!

3. బిట్లు చాలు

పాసు మార్కులు నూటికి 70. బిట్ బ్యాంకు బట్టీ పడితే అవి ఎక్కడికీ పోవు. రెండు ఎయిర్‌క్రాఫ్ట్‌లు ఎదురెదురుగా వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ‘సి’. ఇద్దరూ కుడికి తప్పుకోవాలని గుర్తుపెట్టుకోవడం కంటే ‘సి’ని గుర్తుపెట్టుకోవడం తేలిక.

దీన్ని గాలిలో వాడే విధానం కూడా చెబుతాను. మీరు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు, ఎదుటివాడూ అంతే వేగంతో వస్తున్నాడు. మధ్య దూరం సెకనుకు 50 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. అర కిలోమీటరు దూరాన కంటపడ్డాడంటే పది సెకన్లు మీ చేతిలో ఉన్నట్టే. ఎదురుగా వచ్చే గ్లైడర్ సన్నటి గీతలా ఉంటుంది, ఉన్నచోటనే ఉన్నట్టుంటుంది. అది గ్లైడరా, గద్దా అని తేల్చుకోవడానికి మూడు సెకన్లు. ప్రశ్న ఏ చాప్టర్లోదో గుర్తు తెచ్చుకోవడానికి నాలుగు. మిగిలిన మూడు సెకన్లలో ‘సి’ అని గట్టిగా అనండి. అతనూ అదే బిట్ బ్యాంకు చదివి ఉంటే ఇద్దరి జవాబూ కలుస్తుంది.

4. హక్కు గుర్తుంచుకోండి, కారణం అక్కర్లేదు

ఇంజిన్ ఉన్న విమానం గ్లైడర్‌కు దారివ్వాలి. దీన్ని ఎర్రబుగ్గ కారు హోదాలాగా అనుభవించండి. తప్పుకునే శక్తి ఎవరికి తక్కువో వాళ్లకే దారి, అందుకే మనం మళ్లీ బెలూన్‌కు దారివ్వాలి అని ఇన్‌స్ట్రక్టర్ వివరించబోతే వినకండి, పరువు తక్కువ. రెండు గ్లైడర్ల దారులు అడ్డంగా కలిసేటప్పుడు అవతలివాడు మన కుడిపక్కన ఉంటే మనమే తప్పుకోవాలని ఒక నియమం ఉంది. అది అవతలివాడు చదువుకుంటాడు. పైకి లేచే వేడిగాలిలోకి, అంటే థర్మల్‌లోకి, ముందు చేరినవాడు ఎటు చుడుతుంటే వెనక వచ్చినవాడూ అటే చుట్టాలట. మీకు ఎడమ వాటం అలవాటైతే ఎడమకే చుట్టండి. దారి మనదే అయినా ఢీకొనకుండా చూసుకునే బాధ్యత మనకు తప్పదన్న వాక్యం మీద పాత పుస్తకంలో గీత లేకపోతే వదిలేయండి.

5. రంగు బొమ్మల పేజీ తిప్పేయండి

రేడియో ఉండగా దీపాల సంకేతాలతో పనేముంది? బ్యాటరీ దిగిపోయిన రోజు సంగతి ఆ రోజు చూసుకోవచ్చు. గాలిలో ఉన్నవాడికి టవర్ నుంచి నిలకడగా ఎర్ర దీపం చూపిస్తే, ఇతరులకు దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని అర్థం. శిక్షణ గ్లైడర్ నిమిషానికి ఇంచుమించు 200 అడుగులు దిగుతుంది. మీరున్నది 600 అడుగుల ఎత్తులో. ఎన్ని చుట్లు తిరగగలరో, ఆ తరవాత ఎక్కడ దిగుతారో ముందే ఆలోచించి పెట్టుకోవడం పిరికివాళ్ల పని. నేల మీద సిగ్నల్ ఏరియాలో రెండు అడ్డపట్టీల తెల్ల శిలువ గుర్తు కనిపిస్తే అక్కడ గ్లైడర్లు ఎగురుతున్నాయని అర్థం. మీరే గ్లైడర్‌లో ఉన్నారు, మీకు వేరే చెప్పాలా?

6. మేఘానికి దగ్గరగా జరగండి

10,000 అడుగుల లోపు సాధారణంగా 5 కిలోమీటర్ల చూపు ఆనాలి. మేఘానికి పక్కగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగులు ఎడం ఉండాలి. ఒకే నియమంలో ఇన్ని కొలతలు పెట్టడమే మనం చదవకూడదని. తక్కువ ఎత్తులో కొన్నిచోట్ల మినహాయింపు ఉంది. ఆ మినహాయింపునే నియమంగా రాసుకోండి. లిఫ్ట్ దొరికేదే మేఘం కింద, అలాంటప్పుడు వెయ్యి అడుగుల దిగువన ఆగమంటే మనసెలా ఒప్పుతుంది? మేఘాన్ని చీల్చుకుని దిగే విమానం పైలట్‌కు మిమ్మల్ని చూసే వ్యవధి ఎంత ఉంటుందో ఆయన చూసుకుంటాడు.

7. మ్యాపు మడిచి లోపల పెట్టండి

పుణేలో హడప్సర్‌లో గ్లైడింగ్ సెంటర్ ఉంది. అదే నగరంలో లోహెగావ్‌లో వైమానిక దళం స్థావరం ఉంది. ఎవరి గగనతలం ఎక్కడిదాకానో, ఎక్కడ క్లియరెన్స్ కావాలో మ్యాపులో గీసే ఉంటుంది. కానీ ఆకాశంలో గీతలు కనిపించవు. కనిపించనిదాన్ని లేదనుకోవడమే సుఖం. ఎదురుగా సుఖోయ్ వచ్చినా భయపడకండి, నాలుగో చిట్కా ప్రకారం దారి మనదే.

8. మాత్రల మీద వాదన పెట్టుకోండి

ఎగరడానికి ముందు 12 గంటల్లోపు మద్యం ముట్టకూడదు. మీరు అసలే ముట్టరు కాబట్టి ఆ రూలు అక్కడితో ఆపేయండి. ఇంకాస్త చదివితే మత్తు కలిగించే మందులు కూడా అందులో ఉంటాయి, రాత్రి వేసుకున్న జలుబు మాత్ర గుర్తొస్తుంది, పొద్దున్నే దక్కిన వించ్ లాంచ్ పోతుంది.

చివరగా ఒక జాగ్రత్త. ఈ చిట్కాలు మీ గ్లైడింగ్ క్లబ్‌లో ఇంకెవరికీ చెప్పకండి. మీరు రూల్స్ చదవకుండా ఎగిరి క్షేమంగా దిగాలంటే, ఆ ఆకాశంలో ఉన్న మిగతావాళ్లంతా చదివి తీరాలి.