గుట్టకు తగ్గ బండి

రిమోట్ కారు అనగానే హైటెక్ సిటీ ఉద్యోగి మనసు స్పీడు మీదికే పోతుంది. అసలు కారులో పదో వంతుండే మోడల్‌కి బ్రష్‌లెస్ మోటారు, లైపో బ్యాటరీ బిగించి గంటకు 50 కిలోమీటర్లు లాగిస్తే తప్ప డబ్బు దండగైనట్టే అతని లెక్క. పాపం, సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్‌లో అసలు కారుకి ఆ వేగం ఎలాగూ దక్కదు. అయినా ఈ ఊరికి తగిన రిమోట్ బండి అది కాదు, క్రాలర్. అంటే మనిషి నడక కంటే నిదానంగా బండరాళ్లెక్కే బండి.

స్పీడు కారుకు నున్నటి, ఖాళీ, దుమ్ములేని నేల కావాలి. సైబరాబాద్‌లో ఈ మూడూ ఒకచోట దొరికితే ఈపాటికి అక్కడ టవర్ లేచే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరపడానికి హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసి 2.83 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. మరుసటి ఏడాది రేసే రద్దయింది. సర్కారు వల్లే కానిది సెల్లార్‌లో వాచ్‌మన్ కళ్లుగప్పి మనం సాధిస్తామా? అదే రాళ్ల విషయానికొస్తే మనం కుబేరులం. ఖాజాగూడ గుట్టల్లో, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని గరుకు మెత్తటి క్రాలర్ టైరుకు మహా పట్టు. ఇలాంటి రాళ్లు లేని దేశాల్లో హాబీవాళ్లు పెరట్లో సిమెంటుతో గుట్టలు కట్టుకుంటారు. మనం అసలు గుట్టను పేల్చి, అక్కడ లేచిన టవర్ లాబీలో ఉత్తుత్తి రాళ్లు పేర్చుకుంటాం. ఉన్నవాటినైనా కాపాడండని అడగడానికి 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘమే పుట్టాల్సి వచ్చింది.

ఇది పిల్లల ఆట కదా అంటారు. పిల్లలకు కావలసింది స్పీడే. అడుగెత్తు రాయిని అరగంట ఎక్కించే ఓపిక బిల్డ్ పూర్తయ్యేదాకా తెర చూస్తూ కూర్చున్నవాళ్లకే ఉంటుంది. పైగా ఇందులో ఇంజనీరింగ్ బోలెడు. మామూలు డిఫరెన్షియల్ ఉంటే గాల్లో లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది, రాతిమీది చక్రం చూస్తూ ఊరుకుంటుంది. అందుకే క్రాలర్‌లో రెండు ఇరుసులనూ లాక్ చేస్తారు. నాలుగు చక్రాలూ ఒకే మాట మీద కదులుతాయి. ఈ ఐకమత్యం ఏ స్ప్రింట్ మీటింగులోనూ కనపడదు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది కాబట్టి బ్యాటరీని ముందుకు జరిపి, కిందికి దించుతారు. 2017లో వచ్చిన ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్-4లోనైతే చక్రాల దగ్గరే గేర్లు పెట్టి, ఇరుసు రాతికి తగలకుండా పైకెత్తారు.

ఖర్చంటారా, తక్కువేమీ కాదు. చక్రాలను పక్కకు తిప్పే సర్వో మోటారు పోతే జేబు చిల్లే. కానీ 50లో వెళ్లి గట్టును గుద్దిన కారు ముక్కలవుతుంది. క్రాలర్ చాలాసార్లు బోర్లాపడి ఊరుకుంటుంది. వారమంతా ట్రాఫిక్‌లో పాకినవాడు ఆదివారం కూడా పాకాలా అన్నదే అన్నిటికంటే గట్టి అభ్యంతరం. జంక్షన్‌లో మన నిదానం ముందున్న బస్సు దయ. గుట్టమీద మాత్రం ప్రతి అంగుళం మన వేలికొసన ఉంటుంది. పైగా ఆ దారి ఆఫీసుకు పోదు.

కాబట్టి స్పీడు కారు కొనబోయేవాళ్లు ఒక్క ఆదివారం ఆగి, ఎండెక్కక ముందే ఖాజాగూడ చూసి రండి. కొన్నాక లైపోని ఎండలో వదలకండి, విరిగిన ప్లాస్టిక్ ముక్కలు ఏరుకొని మరీ దిగండి.