‘తగు చర్య నిమిత్తం’: టీకా తాత్పర్యం

మూలం: తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది.

తగు = ఎవరికి తగినదో చెప్పని; చర్య = ఇంకో కాగితం; నిమిత్తం = ఇకమీదట మేం నిమిత్తమాత్రులమని తెలుపుతూ; సంబంధిత శాఖకు = ఈ గది తప్ప ఏ గదికైనా; పంపడమైనది = పంపినవారి పేరు లేకుండానే పంపబడినది. అన్వయం కుదరదు, ఎందుకంటే వాక్యంలో కర్త లేడు. సోమవారం ప్రజావాణిలో అర్జీ మీద ఈ ముక్క పడగానే అది ‘పరిష్కృతం’ పద్దులో చేరితే, శాఖ పనితీరు లెక్కల్లో మెరుగుపడుతుంది, అర్జీదారు మళ్లీ సోమవారం బస్సెక్కుతాడు. ఆ బస్సు దూరం తగ్గిన చోటు ఆసిఫాబాద్‌నే చూడండి: 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, అది జిల్లా కేంద్రమైంది. ఆదిలాబాద్ దాకా పోవాల్సిన బాధ తప్పింది, అది చిన్న మేలు కాదు. 2023 జూన్ 30న కొత్త కలెక్టరేట్ కూడా తెరిచారు. ఊరికీ ఆఫీసుకూ దూరం తగ్గింది గాని, బల్లకూ బల్లకూ మధ్య దూరం భవనం కడితే తగ్గేది కాదు.

పూర్వపక్షం: ఫైలు అంచెలంచెలుగా నడవాలన్నది నిబంధన, తెగించి సంతకం పెట్టినవాడే రేపు ఆడిట్‌కు దొరుకుతాడు. నిజమే. పంపడం తప్పని ఈ టీకాకారుడూ అనడు. పేరూ గడువూ లేకుండా పంపడమే దోషం. మంచి అధికారి వస్తే అన్నీ చక్కబడతాయన్నది రెండో వాదం. దీనికి జవాబు ఈ ఆసిఫాబాద్ జిల్లాలోనే ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగాకే నిజాం సర్కారుకు చెవి వినపడింది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వచ్చి గోండుల మధ్యే ఉండి వారి బతుకు రాసుకున్నాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. సేతుమాధవరావు వంటి అధికారులు ఆ దశాబ్దంలోనే లక్ష ఎకరాలకు పైగా పట్టాలిప్పించారు. నిర్ణయించేవాడు చేను గట్టు మీదే నిలబడ్డాడు కాబట్టి పని జరిగింది. కానీ దశాబ్దాల తర్వాత హైమన్‌డార్ఫ్ తిరిగొచ్చి చూస్తే, ఆ భూముల్లో చాలా భాగం బయటివాళ్ల చేతుల్లో ఉంది. మనుషులు మారారు, వాళ్ల పద్ధతి దఫ్తరంలో వేరూనలేదు.

తాత్పర్యం: వాక్యానికి కర్తను తెచ్చిపెట్టడమే సంస్కరణ. కలెక్టర్లకు ఒకటే మనవి: అర్జీదారు చేతికిచ్చే రసీదు మీద మూడు గళ్లు అచ్చు వేయించండి. ఎవరు చూస్తారు, ఏ తేదీలోగా, చివరికి ఏం తేల్చారు. మూడో గడి నిండేదాకా ఆ అర్జీని పరిష్కృతం కింద లెక్కకట్టకండి.