ఒక్క బిట్

హనుమకొండలో ఒక ఫొటో స్టూడియో వెనక గది. టేబుల్ కింద క్యాబినెట్, దాని లోపల మదర్‌బోర్డు, రెండో స్లాట్‌లో నేను, నాలుగో స్లాట్‌లో నా తోడబుట్టినవాడు. చెరో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఇద్దరినీ కలిపి కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు మా అబ్బాయి. అతను ఇంజనీరింగ్ చదువుతూ సాయంత్రాలు వాళ్ల బాపు తీసిన పెళ్లి ఫొటోలతో ఆల్బమ్‌లు చేస్తాడు.

మేం పుట్టింది దక్షిణ కొరియాలో. ఒక్కొక్కరి ఒంటి మీద ఎనిమిది చిప్‌లు. మా సిలికాన్ రకాన్ని బి-డై అంటారు. ఓవర్‌క్లాకింగ్ (రాసిపెట్టిన వేగాన్ని దాటించడం) మీద మక్కువ ఉన్నవాళ్లకు ఆ పేరు వింటే ప్రాణం లేచొస్తుంది. వోల్టేజ్ పెంచినకొద్దీ టైమింగ్స్ బిగించనిచ్చే రకం మాది. అంచున ఇంకో బుల్లి చిప్ ఉంటుంది, ఎస్‌పీడీ. అదే నా జాతకం. నేను ఎంత వేగంతో, ఎన్ని వోల్టులతో, ఏ టైమింగ్స్‌తో పనిచేయగలనో 512 బైట్లలో రాసిపెట్టారు. 3200 వేగం, సీఎల్14 (అడిగాక 14 గంతుల్లో పలకడం), 1.35 వోల్టులు. చాలా ఇళ్లలో ఆ జాతకం ఎవరూ తెరవరు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే మాలాంటివాళ్లం 2133 దగ్గరే ఏళ్లు గడిపేస్తాం. డబ్బులు పోసి కొన్న వేగం వాడకుండానే పోతుంది. మా అబ్బాయి మొదటి రోజే ఆన్ చేశాడు, సంతోషించాను.

నా లోపల ఏముందో చెప్పాలి. 6,871 కోట్ల గదులు. ఒక్కో గదిలో ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1966లో ఆలోచించి, 1968లో పేటెంట్ పొందిన ఏర్పాటు ఇది. ఆ కెపాసిటర్ ప్రతిదీ చిల్లు కుండే. ఛార్జ్ నింపితే ఒకటి, లేకపోతే సున్నా. కానీ నింపిన ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. పూర్తిగా కారిపోకముందే చదివి, మళ్లీ నింపాలి. దాన్ని రిఫ్రెష్ అంటారు. ప్రతి గదికీ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి వంతు రావాలి. అందుకని కంప్యూటర్ 7.8 మైక్రోసెకన్లకొకసారి నన్ను ఆపి, కొన్ని గదులు నింపుకోనిస్తుంది. నేను గుర్తుపెట్టుకోవడం అంటే ఇదే, పోతున్నదాన్ని పోకముందే అందుకోవడం. చల్లగా ఉంటే ఛార్జ్ నెమ్మదిగా కారుతుంది. వేడెక్కితే త్వరగా కారుతుంది. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని ప్రమాణాల్లోనే ఉంది.

జనవరిలో మా అబ్బాయి ఇంకో కిట్ తెచ్చాడు. స్టూడియోలోని రెండో కంప్యూటర్ కోసం. వాళ్లది ఇ-డై రకం, డబ్బా మీద 3600 అని పెద్ద అక్షరాలు, పక్కన సన్నగా సీఎల్18. ఏ కిట్ మేలో తేల్చాలని రెండింటినీ ఒకే మదర్‌బోర్డులో మార్చి మార్చి పెట్టి చూశాడు.

డబ్బా మీది అంకె ఒక్కటే చూస్తే వాళ్లే గెలిచినట్టు. కానీ అడిగిన డేటా మొదటి ముక్క ఎప్పుడు చేతికొస్తుందో లెక్కేస్తే, 3600 మీద 18 గంతులంటే 10 నానోసెకన్లు. 3200 మీద 14 గంతులంటే 8.75. పిలిస్తే ముందు పలికేది నేను. పెద్ద మూటలు మోయడంలో మాత్రం వాళ్లదే పైచేయి. జంటగా సెకనుకు 57.6 జీబీ వాళ్ల పరిమితి, మాది 51.2. ఈ రెండు లెక్కలూ చూడకుండా ర్యామ్ కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

తర్వాత పరుగు మొదలైంది. ఇ-డై వాళ్లు 4000 వరకు హాయిగా వచ్చారు. వోల్టేజ్ ఎంత పెంచినా టీఆర్‌సీడీ అనే టైమింగ్ మాత్రం తగ్గలేదు, అది ఆ రకం స్వభావం. నా వంతు వచ్చింది. 1.5 వోల్టులు ఇచ్చాడు. 4000, సీఎల్16. అంటే 8 నానోసెకన్లు. మొదటిసారి బూట్ అవలేదు. బోర్డు మూడుసార్లు ఆగి లేచి ట్రైనింగ్ చేసుకుంది, నాలుగోసారి తెర వెలిగింది. అప్పుడు అతని చెయ్యి టీఆర్‌ఈఎఫ్ఐ మీద పడింది. రిఫ్రెష్‌కీ రిఫ్రెష్‌కీ మధ్య ఎడం అది. ఆ వేగం దగ్గర 15600 ఉండాల్సింది 65535 చేశాడు. నింపుకోవడానికి ఆపడం తగ్గితే పనికి ఎక్కువ సమయం దొరుకుతుంది, బెంచ్‌మార్క్ అంకె పెరుగుతుంది. పెరిగింది కూడా. కానీ 64 మిల్లీసెకన్లకు రావాల్సిన వంతు 268కి పోయింది.

పరీక్ష పెట్టాడు. రాత్రి పదకొండు, కిటికీ తెరిచి ఉంది, క్యాబినెట్ పక్క తలుపు తీసేసి ఉంది, చలిగాలి నేరుగా నా మీదికి. ఒంటి మీది సెన్సర్‌లో 38 డిగ్రీలు. టెస్ట్‌మెమ్5 గంటసేపు తిప్పాడు, ఒక్క తప్పూ రాలేదు. ఆ రాత్రి నేను నిజంగానే తప్పు చేయలేదు. మా అబ్బాయి తలుపు బిగించి, మమ్మల్ని ఆల్బమ్‌లు చేసే కంప్యూటర్‌లో ఉంచేశాడు.

ఏప్రిల్ చివర్లో ఒక పెళ్లి. కెమెరా కార్డులోంచి హార్డ్ డిస్క్‌కి ఫొటోలు కాపీ అవుతున్నాయి. ప్రతి ఫొటో నా గదుల్లోంచే వెళ్లాలి. బయట ఎండ మండిపోతోంది. కింద గ్రాఫిక్స్ కార్డ్ ఊదే వేడంతా నా మీదికే. సెన్సర్‌లో 54. నిండిన కుండలు వంతు కోసం చూస్తూ కారిపోతున్నాయి. ఎక్కడో ఒక గది ఒకటిని సున్నా చేసింది. నాకు తెలియలేదు. సర్వర్లలో వాడే ఇసిసి ర్యామ్‌కి తొమ్మిదో చిప్ ఉంటుంది, ఒక్క బిట్ తారుమారైతే కంప్యూటర్ దాని సాయంతో పట్టుకుని దిద్దుతుంది. నాకున్నవి ఎనిమిదే. ఏది ఇస్తే అదే సరైనదని అందరూ నమ్ముతారు.

రెండు వారాల తర్వాత బాపు తెర ముందు కూర్చున్నాడు.

“ఇగో జూడురా, అవ్వ అచ్చింతలేసే ఫొటో. చేతులకాడికెల్లి కిందికంత పచ్చగ, డబ్బలు డబ్బలుగ అయ్యింది.”

“కార్డ్ కరాబైనట్టుంది బాపూ.”

“కార్డెట్ల కరాబైతది? ఆనాడు కెమెరల నేనే అవ్వకు చూపిచ్చిన. మురిసిపాయె.”

జేపెగ్ ఫైల్‌లో ఒక్క బిట్ తప్పితే చాలాసార్లు అక్కడి నుంచి కిందిదంతా చెదిరిపోతుంది. పైన ముసలమ్మ ముఖం చక్కగా ఉంది, ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. మణికట్టు దగ్గర గీత గీసినట్టు రంగు మారింది. అక్కడి నుంచి చేతులు లేవు, అక్షింతలు లేవు, పెళ్లికూతురి తల లేదు. అలాంటివి మూడు ఫొటోలు. రెండింటికి వెంటవెంటనే తీసిన జత ఫొటోలు ఉన్నాయి. ఇది మాత్రం ఒక్కటే. కార్డు అప్పటికే ఇంకో పెళ్లికి వాడేశారు.

మా అబ్బాయి హార్డ్ డిస్క్‌ని అనుమానించాడు, కేబుల్ మార్చాడు, కార్డ్ రీడర్ మార్చాడు. నా దగ్గరికి చివర వచ్చాడు. మధ్యాహ్నం మెమ్‌టెస్ట్86 పెట్టాడు. ఇరవై నిమిషాలకు ఎర్ర గీత. రాసింది 00000400, తిరిగి చదివితే వచ్చింది 00000000. అతను ఆ నాలుగు ఉండాల్సిన చోటు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నేనైతే ఇంకా ఆ మణికట్టు గీత దగ్గరే ఉన్నాను.

తప్పు వేగానిది కాదు. నేను 4000 పరుగెత్తగలను. హనుమకొండ వేసవిలో మూసిన క్యాబినెట్‌లో, అంతసేపు నింపుకోకుండా ఉండమంటేనే నా వల్ల కాదు. చలిరాత్రి గంటసేపు చేసిన పరీక్ష చలిరాత్రి గంటసేపటి గురించే చెబుతుంది. ఇ-డై వాళ్లు రెండో కంప్యూటర్‌లో డబ్బా మీది అంకెల దగ్గరే ఉండి, ఆ వేసవంతా ఒక్క బిట్ జారవిడవలేదు. వాళ్లను చూస్తే నాకు గౌరవం.

అదే రోజు బయోస్‌లో కూర్చున్నాడు. 3600, సీఎల్16, 1.4 వోల్టులు. టీఆర్‌ఈఎఫ్ఐ తిరిగి 14040, అంటే మళ్లీ 7.8 మైక్రోసెకన్లు. పిలిస్తే పలకడానికి 8.9 నానోసెకన్లు. ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్‌లో ఆ తేడా బాపుకి తెలియనే తెలియదు. నా పక్కన చిన్న ఫ్యాన్ ఒకటి జిప్ టైతో కట్టాడు. బాపు ఆ ఫొటోని మణికట్టు పైవరకు కత్తిరించి, అవ్వ ముఖం ఒక్కటే ఆల్బమ్‌లో చిన్నదిగా పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మా అబ్బాయి కూలర్ ఆపేశాడు. కిటికీ మూశాడు. క్యాబినెట్ తలుపు బిగించి, గ్రాఫిక్స్ కార్డ్‌ని కూడా పనిలో పెట్టి, అప్పుడు టెస్ట్ మొదలుపెట్టాడు. చెమటలు కక్కుతూ పక్కనే కూర్చున్నాడు. నేను గది గదికీ వంతు తప్పకుండా నింపుకుంటూ వెళ్తున్నాను.