బూజు కేకు

స్పైడర్‌మ్యాన్ ఏం తింటాడు? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆరో పుట్టినరోజుకు స్పైడర్‌మ్యాన్ కేకే కావాలని మావాడు కాళ్ళు నేలకేసి కొట్టినప్పటి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఆయన్ను 1962లో పుట్టించారు. అప్పటి నుంచి న్యూయార్కు మేడల మీద వేలాడుతూనే ఉన్నాడు. మావాడి పక్కన కూర్చుని నేను చూసిన సినిమాల్లో మాత్రం ఆయన తీరిగ్గా ఓ ముద్ద తిన్న పాపాన పోలేదు. 1938 నాటి సూపర్‌మ్యాన్, 1939 నాటి బ్యాట్‌మ్యాన్ సంగతీ అంతే. 2012లో వచ్చిన 'అవెంజర్స్' చివర, పేర్లన్నీ పడ్డాక, లోకాన్ని కాపాడిన అలసటతో అందరూ నోరు మెదపకుండా కూర్చుని షవర్మా తింటారు. పోనీ పార్టీకి అదే పెడదామా అంటే, 2024 అక్టోబర్ 30న మన తెలంగాణ సర్కారు పచ్చిగుడ్ల మయోనైజును ఏడాది పాటు నిషేధించిన నాటి నుంచి మా ఇంట్లో షవర్మా మాటెత్తితే మా ఆయన పేపర్ కటింగ్ తీసి చూపిస్తారు.

మన వీరుల దగ్గర ఈ తంటా లేదు. భీముడు బకాసురుడికి పంపిన బండెడు అన్నాన్ని వాడి కళ్ళముందే ఖాళీ చేశాడు. అంతటితో ఆగాడా, విరాటుడి కొలువులో వలలుడనే పేరు పెట్టుకుని ఏడాది పాటు గరిటె తిప్పాడు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు పెళ్ళివారి విందంతా ఒక్కరే లాగిస్తుంటే ఇప్పటికీ మా మామయ్య టీవీ ముందు నుంచి లేవరు. ఆంజనేయస్వామికి వడమాల వేస్తే చాలు. మొన్నమొన్నటి ఛోటా భీమ్‌ను చూడండి. 2008లో హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళు తయారు చేసిన పిల్లాడు కదా, లడ్డూ నోట్లో పడితే గానీ వాడికి బలం రాదు. ఇలాంటివాళ్ళ పేరు మీద పుట్టినరోజు చేయడం ఎంత సులువు! వాళ్ళకిష్టమైంది వండి వడ్డిస్తే అయిపోయె. అమెరికా వీరులకు ఆకలి లేదు, ఉన్నవల్లా రంగులు. అంటే మనం వండాల్సింది వీరుడు తినేది కాదు, వీరుణ్ణే.

బయట కొనొచ్చు కదా అంటారు. పోయినేడు కొన్నాం. ఒక బేకరీ ఆయన వేసిచ్చిన సూపర్‌మ్యాన్ అచ్చం మా మరిదిలా ఉన్నాడు. ముక్కు దగ్గర కత్తి పెట్టడానికి మా తోటికోడలు ఒప్పుకోలేదు. హైదరాబాద్ నుంచి తెప్పిద్దామంటే మా నారాయణఖేడ్ నుంచి వంద కిలోమీటర్ల పైమాట. ఏప్రిల్ చివరి ఎండల్లో అంత దూరం వచ్చేసరికి ఏ వీరుడైనా పాయసమే. ఇక మాకు దగ్గరి పట్నం బీదర్. అది కర్ణాటక. ఆ కర్ణాటకే 2024 మార్చిలో పీచుమిఠాయిలో రోడమిన్-బి రంగును, గోబీ మంచూరియాలో వేసే కృత్రిమ రంగులను నిషేధించింది. మా ఆయన బడిలో సైన్స్ సారు. ఆ వార్త చదివిన రోజు నుంచి మా ఇంట్లో ఎర్రగా కనబడిన ప్రతిదీ అనుమానితుడే. టమాటాను కూడా కాసేపు నీళ్ళలో నానబెట్టి చూశారు.

కాబట్టి కేకు ఇంట్లోనే అని తీర్మానం జరిగింది. రంగులు ప్రకృతిసిద్ధమైనవే ఉండాలని సారు సవరణ తెచ్చారు. సభలో ఆయనకు మెజారిటీ లేకపోయినా సవరణ నెగ్గింది.

మాకు ఓవెన్ లేదు, కుక్కరే ఓవెన్. అడుగున దొడ్డుప్పు పరిచి, మీద ఓ చిన్న స్టాండు, దానిమీద పిండి గిన్నె. మూతకు రబ్బరు, విజిల్ రెండూ తీసెయ్యాలి. అవి ఉంటే ఆవిరి లోపలే తిరుగుతుంది, కేకు కాస్తా తీపి ఇడ్లీ అవుతుంది. వచ్చే పిల్లల్లో లింగాయతుల ఇళ్ళవాళ్ళు చాలామంది, కోడిగుడ్డు మాటెత్తే పనిలేదు. గుడ్డు చేసే పని పెరుగు, వంటసోడా కలిసి చేయాలి. పెరుగులోని పులుపు తగిలితే సోడాలోంచి గాలిబుడగలు లేస్తాయి, అవే పిండిని పైకి ఎత్తుతాయి. ఇంతవరకు నాకు అలవాటైన పనే. చక్కగా సాగుతోంది. అప్పుడు సారు వంటింట్లోకి అడుగుపెట్టారు.

స్పైడర్‌మ్యాన్ లోపల కూడా ఎర్రగా ఉండాలట. బీట్‌రూట్ రసం తీసి పిండిలో కలిపారు. పచ్చిపిండి ఎంత అందంగా ఉందని! గులాబీ రేకులే. ముప్పావుగంట తర్వాత మూత తీస్తే లోపల ఎర్రమట్టి గోడ. బీట్‌రూట్ రంగు వేడికి, సోడాకు ఆగదని సారు అప్పుడు పాఠం చెప్పారు. ముందే తెలిస్తే ఎందుకు పోశారని నేను అడగలేదు. బడిలో కూడా ప్రయోగం తర్వాతే ఫలితం రాస్తారు కదా.

రెండో ప్రయోగం ఐరన్‌మ్యాన్. పెద్ద కేకు పక్కన చిన్నచిన్న కేకులు ఉండాలని మావాడి కోరిక. అవి స్టీలు గిన్నెల్లో కాలుతాయి. ఐరన్‌మ్యాన్‌కు బంగారు రంగు కావాలి కాబట్టి పసుపు. బాగా పొంగాలి కాబట్టి నేను అటు తిరిగినప్పుడు సారు ఇంకో చెంచా సోడా. గిన్నెలు బయటికి తీసి చూస్తే బంగారం మీద అక్కడక్కడా ఎర్రటి మరకలు. సారు కళ్ళజోడు సవరించుకునేలోగానే మా అత్తమ్మ వచ్చి ఒక గిన్నె అందుకుని వాసన చూసింది.

"గిదేంది బిడ్డా, పారాణి కలిపినవా?"

పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కుతుందని ఆమెకు ఏ బడీ చెప్పలేదు. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎందరి కాళ్ళకు పారాణి పెట్టిందో. సోడా కూడా ఆ కోవదే, పెరుగుకు మించి పడితే మిగిలినదంతా పసుపు మీద పడి దాన్ని ఎర్రగా మారుస్తుంది. ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి వేరే. ఐరన్‌మ్యాన్ కవచం రంగులు సరిగ్గా అవే, ఎరుపూ పసుపూ. ప్రపంచంలో ఏ బేకరీకీ ఇంత తేలిగ్గా కుదరని ఐరన్‌మ్యాన్ మా ఇంట్లో ఓ చెంచా సోడాతో పుట్టాడు. అంతా అనుకున్నట్టే జరిగిందని సారు ఇప్పటికీ అంటారు. వంటసోడా చేదు మాత్రం ఆ గిన్నెల్లో అలాగే ఉండిపోయింది.

పైపూత ఎరుపు దగ్గర నేను మొండికేశాను. తెల్లటి క్రీములో బీట్‌రూట్ పోస్తే వచ్చేది గులాబీ రంగు, గులాబీ స్పైడర్‌మ్యాన్‌తో మావాడు బడికి తలెత్తుకుని పోలేడు. బీదర్ పోయినప్పుడు జెల్ రంగు తెచ్చి దాచుకున్నాను, డబ్బా మీద ఆహారభద్రత సంస్థ నెంబరు ఉన్నదే. సారు భూతద్దం పెట్టి చదివారు, తప్పు దొరకలేదు. కలిపిన వెంటనే అదీ గులాబీ రంగే. ఆత్రపడి ఇంకా ఇంకా పొయ్యకుండా, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఓ రాత్రి వదిలేస్తే దానంతటదే ముదురుతుంది. ఇల్లాలి ఓర్పు అనే మాట వ్యాసాల్లో చాలా చదివాను గానీ, దానికి ఇంత స్పష్టమైన ఉపయోగం ఇన్నాళ్ళకు కనబడింది.

ఇక సాలెగూడు. పార్టీ రోజు పొద్దున్నే అత్తమ్మ పొడుగు చీపురు కట్టించి ఇల్లంతా దులిపించింది, చుట్టాలొచ్చే ఇల్లు కదా. మధ్యాహ్నం మా ఆడబిడ్డ కొడుకు గోడల నిండా నల్ల దారంతో సాలెగూళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. అత్తమ్మ చీపురు తీసుకొచ్చేలోగా ఆపడం నా వంతయింది. తర్వాత కేకు దగ్గరికొచ్చి చూసింది.

"పొద్దుగాల బూజు దులిపిస్తి. పొద్దుగూకంగ మీరు దానిమీద బూజు అల్లవడితిరి. పుట్టినరోజునాడు పోరనికి బూజు కేకు తినవెడ్తరా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో కనబడితే చీపురు, కేకు మీద కనబడితే చప్పట్లు. ఈ తేడా మా అత్తమ్మకు ఎలా చెప్పాలో స్టాన్ లీకి కూడా తెలియదేమో.

గూడు గీసే పని మాత్రం మా పక్కింటి అమ్మాయికి అప్పగించాను. డిగ్రీ చదువుతోంది. రంజాన్ ముందు మా వాడలో సగం అరచేతులు ఆమె మెహెందీ కోన్ కింద పెట్టాల్సిందే. కరిగించిన చాక్లెట్‌ను కోన్‌లో నింపి చేతికిచ్చాను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నడుమ నుంచి అంచుకు గీతలు, గీతకూ గీతకూ మధ్య లోపలికి వంగిన చిన్న విల్లులు. వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. న్యూయార్కులో గీసినవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా గీసి ఉండరు. నేను కళ్ళకు తెల్లక్రీము తేవడానికి లోపలికి వెళ్ళొచ్చేసరికి, స్పైడర్‌మ్యాన్ గడ్డం దగ్గర నిండుగా ఒక మామిడి పిందె, దానిచుట్టూ చుక్కలు, పైన ఒక తీగ.

"ఖాళీ జాగా మంచిగ గొడ్తలేదక్కా," అంది ఆ అమ్మాయి.

నిజమే. 2004లో మన దేశం కోసమని వేసిన కామిక్‌లో స్పైడర్‌మ్యాన్‌కు ధోవతి కట్టారు. ధోవతి కట్టినవాడికి మెహెందీ పెడితే తప్పేముంది? అలాగే ఉంచేశాం.

పిల్లలు వచ్చారు. మా ఖేడ్‌లో ఒక పుట్టినరోజు గదిలో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ ఒకేసారి వినబడతాయి. కేకు ముందుకు రాగానే నాలుగూ ఆగిపోయి ఇంగ్లీషు పాట మొదలవుతుంది. ఆ పాట అయ్యేలోగా కూలర్ గాలి సరిపోక క్రీము మెత్తబడింది. విప్ చేసిన క్రీముకు చల్లదనమే వెన్నెముక, అది పోతే నిలబడే దిక్కులేదు. స్పైడర్‌మ్యాన్ తెల్లటి కళ్ళు మెల్లగా బుగ్గల మీదికి జారడం మొదలుపెట్టాయి.

"మమ్మీ, స్పైడర్‌మ్యాన్ ఏడుస్తుండు," అన్నాడు మావాడు, కత్తి పట్టుకుని.

"నువ్వు కోస్తవని తెలిసింది గద బిడ్డా," అన్నారు మా మామయ్య. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' చూసిన మనిషి, ఆ తర్వాత వచ్చిన వీరులెవరి మీదా ఆయనకు పెద్దగా గౌరవం లేదు.

తర్వాత జరిగింది ఏ ఇంట్లోనైనా జరిగేదే. పిల్లలు పైన క్రీము నాకి, ఎర్రమట్టి గోడను ప్లేట్లలో వదిలేశారు. నాలుకలు, పెదవులు, ఒక పిల్లాడి చెవి కూడా ఎర్రబడ్డాయి. ఐరన్‌మ్యాన్‌ను కొరికినవాళ్ళు ముఖం చిట్లించి పక్కవాడికి ఇచ్చారు, వాడు ఇంకొకడికి. అలా ఆయన గది మొత్తం తిరిగి సారు చేతికే వచ్చాడు, ఆయన మాట్లాడకుండా తిన్నారు. అత్తమ్మ ఎందుకైనా మంచిదని మలీద ముద్దలు చేసిపెట్టింది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి వేసి బతుకమ్మకు పట్టే ముద్దలే. ఛోటా భీమ్ లడ్డూలని పేరు పెడితే పిల్లలు ఎగబడతారని నేను లెక్క వేశాను. ఒక్కడూ ముట్టలేదు, కుర్‌కురేలు అడిగారు. ముద్దలన్నీ వాళ్ళను తీసుకుపోవడానికి వచ్చిన తండ్రులు నిలబడే తిన్నారు. ఒకాయన జేబు రుమాలులో కట్టుకుపోయాడు కూడా. భీముడి వారసులు ఇంకా ఉన్నారు, కాకపోతే వాళ్ళకు నలభై దాటింది.

ఎర్రనాలుకతోనే మావాడు పడుకోబోయే ముందు వచ్చే ఏటి వీరుణ్ణి ప్రకటించాడు. హల్క్. ఆకుపచ్చ. పాలకూర రసం వేద్దామని సారు అప్పుడే లేచి కూర్చున్నారు, ఆకుల పచ్చదనాన్ని సోడా ఇంకా నిలబెడుతుందట. ఈసారి సైన్స్ ఆయన పక్షానే ఉంది. అయినా నేను ముందుజాగ్రత్తగా హల్క్ పుట్టుపూర్వోత్తరాలు చదివి పెట్టుకున్నాను. నాలాగే వేసవి పుట్టినరోజులతో, కుక్కర్‌తో, సైన్స్ చదివిన భర్తతో అవస్థ పడే తల్లులెవరైనా ఉంటే ఇది రాసిపెట్టుకోండి: 1962లో వచ్చిన మొదటి సంచికలో హల్క్ ఆకుపచ్చ కాదు, బూడిద రంగు. ప్రెస్సులో ఆ బూడిద రంగు ఒక్కో పేజీలో ఒక్కో తీరుగా పడుతుంటే విసిగిపోయి రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేశారు. కాబట్టి కుక్కర్ మూత తీసినప్పుడు మీ కేకు ఏ రంగులో ఉన్నా కంగారు పడకండి, మొదటి సంచిక హల్క్ అని చెప్పి కోసెయ్యండి.