ఎవరూ దాచని హోటలు

ఉదయగిరి కోటను పట్టుకోవడానికి కృష్ణదేవరాయలికి ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి మొదలైతే, 1514లో గానీ గజపతులు దిగిరాలేదు. బండలు పగలగొట్టించి, కొండల మధ్య దారులు చేయించి, నానా తంటాలు పడితే గానీ దుర్గం చేతికి రాలేదని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. అంత కథ రాసి కూడా, చివర్లో గంట నొక్కమని ఎవర్నీ అడగలేదు పాపం.

ఇప్పుడు అదే ఉదయగిరిని ఒక కుర్రాడు ఎనిమిదిన్నరకు కారు దిగి ఎనిమిదీ యాభైకల్లా కనిపెట్టేస్తున్నాడు. చేతిలో కర్ర, కర్ర చివర ఫోను. బస్టాండు దగ్గర నిలువెత్తు బోర్డు పెట్టుకుని ఏళ్ల తరబడి దోశలు పోస్తున్న హోటలు ముందు నిలబడి, "ఫ్రెండ్స్, ఇది ఎవ్వరికీ తెలియని ప్లేస్" అంటాడు. ఆ ఎవ్వరికీ తెలియని ప్లేసులో బల్లలు చాలక, జనం ప్లేట్లు చేత్తో పట్టుకుని నిలబడి తింటుంటారు. వీడియోకి అడ్డం వస్తున్నారని వాళ్లనే కాస్త పక్కకు జరగమంటాడు.

ఎవరికి తెలియదు నాయనా? ఉదయగిరి డిపో కండక్టరుకు తెలుసు. ఆత్మకూరు కోర్టుకి వాయిదాకొచ్చే కక్షిదారుకు తెలుసు, వాడి మీద కేసు వేసినవాడికీ తెలుసు. ఇద్దరూ పక్కపక్క బల్లల మీద ఒకే గిన్నెలోంచి చట్నీ వడ్డించుకుని, ఆ తర్వాత జడ్జిగారి ముందు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. దుత్తలూరు నుంచీ మర్రిపాడు నుంచీ ఎరువుల కోసం వచ్చే రైతుకు తెలుసు. తెలియనిది ఎవరికయ్యా అంటే కారులో వచ్చిన నీకొక్కడికే. నీకు తెలియనిదల్లా లోకానికి తెలియదనుకోవడం వాస్కో డ గామా నాటి జబ్బు. కాకపోతే ఆయన ఓడలో వచ్చాడు.

"మీ హోటల్ ఇన్నాళ్లూ ఎందుకు దాచారక్కా?" అని అడుగుతాడు చివర్లో, చమత్కారం అనుకుని.

పెనం ముందున్నామె తల కూడా ఎత్తదు. "యాడ దాచినామన్నా? బోర్డుండాది గదా. నీకు కారమా, సాదానా?"

ఈ వీడియోలకు ఒక శాస్త్రం ఉంది. ముక్క నోట్లోకి వెళ్లకముందే కళ్లు మూతపడాలి. నాలుక్కి తగలకముందే తల ఊగాలి. నమలడం పూర్తి కాకముందే "వేరే లెవల్" అన్న తీర్పు వచ్చెయ్యాలి. ఎర్రకారం రాసి పప్పుల పొడి చల్లిన దోశ నెల్లూరు జిల్లాలో ఏ సందులోనైనా దొరుకుతుంది. దాన్ని తిని ఒక మనిషి అంత తూలిపోవడం మావాళ్లు మొదటిసారి చూసినప్పుడు నీళ్లు తెచ్చి ఇచ్చారు, కారం ఎక్కువైందేమోనని. ఆపైన రహస్యం అడగాలి. ఇంత రుచికి సీక్రెట్ ఏంటి? రహస్యం ఏముంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం. అది చెప్తే వీడియో నడవదు గనక "అమ్మమ్మ కాలం నాటి మసాలా" అని కింద రాసుకుంటాడు. ఆ హోటలు పెట్టింది ఆమె మొగుడి మేనమామ. అమ్మమ్మ ఊసే లేదు.

రాయలవారు ఉదయగిరి గెలిచి వెళ్తూ ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి హంపీలో గుడి కట్టించాడు. తీసుకెళ్లినా, ఉదయగిరి నుంచి తెచ్చానని చెప్పుకున్నాడు. వీళ్లు తీసుకెళ్లేది అరవై సెకన్ల రీలు. అందులో ఊరి పేరు కూడా సరిగ్గా ఉండదు. "నెల్లూరు దగ్గర్లో ఒక విలేజ్" అని ఉంటుంది. నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్ల దాకా ఉంది. అది దగ్గరైతే చెన్నైని తడ దగ్గర్లో ఒక విలేజ్ అనొచ్చు.

ఈ దూరం తెలియకపోవడం వల్ల ఇంకో వింత. నెల్లూరు పేరు వినగానే వీళ్లకు చేపల పులుసు గుర్తొస్తుంది. హైదరాబాదులో, బెంగళూరులో నెల్లూరు అని రాసుకున్న హోటళ్ల బోర్డుల మీద చేప బొమ్మ లేకపోతే మునిసిపాలిటీ అనుమతి ఇవ్వదేమో అన్నట్టుంటుంది. ఆ లెక్కన జిల్లాలో పుట్టినవాడల్లా పడవలో పుట్టాలి. ఉదయగిరి కొండ మీద నిలబడి "సముద్రపు గాలి పీలుస్తూ చేపల పులుసు" అన్నవాణ్ణి మాకు తెలిసినవాళ్లు ఫోనులో చూపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇది మెట్ట. ఇక్కడి గాలిలో ఉన్నది దుమ్ము. మాకు చేప అంటే చెరువు చేప, లేదా సోమశిల నుంచి వచ్చే చేప. 78 టీఎంసీల జలాశయం పక్కనే ఉండగా, బొచ్చెలూ రాగండులూ దొరుకుతుండగా, మావాళ్లు వంజరం కోసం బెంగపెట్టుకోలేదు. మా పెళ్లిళ్లలో, తిరునాళ్లలో గౌరవం దక్కేది మేకపోతుకే.

నక్షత్రాల సంగతికొద్దాం. ఆత్మకూరులో ఒక టిఫిను హోటలుకి ఫోనులో మూడు నక్షత్రాల చిల్లర ఉంది. ఒకాయన ఒక నక్షత్రం తగ్గించి కారణం రాశాడు: ఏసీ లేదు, వాలే పార్కింగ్ లేదు. ఇంకొకాయన "యాంబియెన్స్ బాలేదు" అన్నాడు. ఎదురుగా ఎరువుల గోడౌను, పక్కన పంచరు షాపు, ఇక యాంబియెన్స్ ఎక్కణ్ణుంచి తేవాలి? మూడో ఆయన అయిదు నక్షత్రాలిచ్చి "సూపర్" అన్నాడు. తీరా చూస్తే ఆయన తిన్నది వేరే హోటల్లో, పేరు కలిసింది.

అసలు ఈ నక్షత్రాల పుట్టుక తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. 1900లో ఫ్రాన్సులో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ, కార్లున్నవాళ్లకు ఒక పుస్తకం ఉచితంగా పంచింది. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, టైరు ఎట్లా మార్చాలి, బస ఎక్కడ, భోజనం ఎక్కడ, అన్నీ అందులో ఉండేవి. అప్పటికి ఆ దేశం మొత్తానికి కార్లు మూడు వేలు కూడా లేవు. తినడానికి దూరం పోతే కారు తిరుగుతుంది, కారు తిరిగితే టైరు అరుగుతుంది, టైరు అరిగితే కంపెనీకి అన్నం దొరుకుతుంది. 1926 నుంచి మంచి హోటళ్లకు నక్షత్రాలు వేయడం మొదలుపెట్టారు. ప్రపంచంలోని వంటగాళ్లందరినీ వణికించే గౌరవం టైర్ల వ్యాపారంలోంచి పుట్టింది.

మా దగ్గర ఆ పద్ధతి ఎవరూ నేర్పకుండానే ఉంది. కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు మీదుగా బళ్లారి వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారిని మావాళ్లు ఇప్పటికీ బొంబాయి రోడ్డనే అంటారు. ఆ రోడ్డు మీద లారీలు ఏ హోటలు ముందు ఆగితే అక్కడ భోజనం బాగుంటుంది. లారీ డ్రైవరు మిషెలిన్ కంటే కఠినుడు. ఆయన టైర్లు ఆయన డబ్బుతో అరుగుతాయి. సాంబారు పులిస్తే మరుసటి ట్రిప్పుకి లారీ ఆగదు, అంతే. ఆయన ఏమీ రాయడు. ఎందుకు ఆగలేదో చెప్పడు కూడా. హోటలాయనే మూడు రోజులు రోడ్డు వైపు చూసి, నాలుగో రోజు వంటమనిషిని మారుస్తాడు.

నక్షత్రాల విలువెంతో లండన్లో ఒక విలేకరి 2017లో తేల్చేశాడు. పేరు ఊబా బట్లర్. తాను కాపురముంటున్న పెరటి షెడ్డునే హోటలని ట్రిప్ అడ్వైజర్లో ఎక్కించి, స్నేహితుల చేత పొగడ్తలు రాయించాడు. గెడ్డం గీసుకునే నురగతో, బ్లీచింగ్ బిళ్లలతో వంటకాలు తయారుచేసి ఫొటోలు పెట్టాడు. ఒక ఫొటోలో గుడ్డు పక్కనున్నది మాంసం కాదు, ఆయన మడమ. పొయ్యి వెలిగించకుండానే, ఒక్క ప్లేటు అమ్మకుండానే, లండన్లోని 18 వేల పైచిలుకు హోటళ్లలో మొదటి స్థానం కొట్టేశాడు. బల్ల కావాలని జనం ఫోన్లు చేస్తే ఖాళీ లేదనేవాడు. లేదన్న కొద్దీ ఎగబడ్డారు. మా ఆత్మకూరు హోటలాయన చేసిన తప్పల్లా నిజంగా ఇడ్లీ వండటం.

సరే, వీడియో వస్తే వచ్చింది, నాలుగు డబ్బులొస్తాయి గదా అంటారు. వస్తాయి. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్లో కుమారి ఆంటీకి ఏం జరిగిందో అందరం చూశాం. ఏళ్లుగా రోడ్డు పక్కన అన్నం, మాంసం కూరలు వడ్డించుకుంటున్న మనిషి. ఫోన్లు చుట్టుముట్టాయి. ట్రాఫిక్ ఆగిపోయింది. పోలీసులొచ్చి బండి తీసేయించారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, అక్కడే అమ్ముకోనివ్వమంటే గానీ అన్నం గిన్నె మూత తెరుచుకోలేదు. ప్లేటు భోజనం అమ్ముకోవడానికి ముఖ్యమంత్రి దాకా పోవాల్సిన పరిస్థితి ఆమెకు తెచ్చింది ఆమె వంటా, ఆమెను మెచ్చుకోవడానికొచ్చినవాళ్లా? ఆమెకు దొరికిన అదృష్టం ఉదయగిరిలో అట్లపెనం ముందున్న అక్కకు దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

ముందు పోయేది ఖాతా పుస్తకం. గల్లాపెట్టె మీద నూనె మరకలతో ఒక పొడుగు పుస్తకం ఉంటుంది చూడండి, దాని మీదే ఈ హోటళ్లు నడుస్తున్నాయి. ఇంటికి దూరంగా ఉండే పంతులుగారు జీతం పడేదాకా తినే టిఫిను అందులో ఉంటుంది. ధాన్యం అమ్మేదాకా ఒక రైతు తాగిన టీలుంటాయి. ఇద్దరొచ్చి వన్ బై టూ అడిగితే మొహం చిట్లించకుండా రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చే మర్యాద ఉంటుంది. కారులో వచ్చిన కొత్తవాళ్లు పదిహేను మంది ఒకేసారి దిగి ఆరు రకాలు చెప్పి ఫొటోలు తీసుకునేసరికి, తొమ్మిదింటి బస్సు పట్టుకోవాల్సిన పంతులుగారు ఖాళీ కడుపుతో బస్సెక్కుతాడు. రెండో నెలకల్లా దోశ ధర పెరుగుతుంది. మూడో నెలకు పుస్తకం మూతపడి, గోడ మీద "అరువు రేపు" వస్తుంది. ఆ తర్వాత రీళ్లవాళ్లు బద్వేలులో ఎవ్వరికీ తెలియని ఇంకో చోటు కనిపెట్టడానికి పోతారు. పంతులుగారు కూడా ఈలోగా వేరే చోట ఖాతా తెరుచుకుని ఉంటాడు.

వాళ్లు ఇక్కడికి రావడం ఒక బాధ. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి అమ్మడం ఇంకో తమాషా. నగరంలో "పల్లె రుచులు" బాపతు హోటల్లోకి వెళ్తే గోడకు ఎద్దులబండి చక్రం, మూలన నులకమంచం, నెత్తిన లాంతరు. మా తాతలు కరెంటు లేక వెలిగించుకున్న లాంతరులో వాళ్లు కరెంటు బల్బు పెడతారు. తలపాగా చుట్టుకున్న కుర్రాడు వచ్చి సజ్జ సంగటి వడ్డిస్తాడు. మా మెట్టలో సజ్జ సంగటి తిన్నవాడు బియ్యం దొరక్క తిన్నాడు. వరి అన్నం పండక్కీ, చుట్టం వచ్చినప్పుడూ. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చినప్పుడు ఈ ఊళ్లలో సంగటి కుండ బోర్లాపడింది, దానికి ఎవరూ ఏడవలేదు. సరిగ్గా నలభై ఏళ్లకు, 2023లో, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. సంగటి ఒంటికి మంచిదే, కాదనను. కానీ మా ముసలమ్మ ఏ లేమిని దాటడానికి జీవితమంతా కష్టపడిందో, దాన్ని ఇప్పుడు జీఎస్టీ కలిపి బిల్లు వేయడం చూస్తే ఆమె ఆ తలపాగా కుర్రాణ్ణి ఏమనేదో నాకు తెలుసు, అచ్చులో రాయలేను.

ఆ సంగటి పక్కన ఒక కర్ర చెంచా పెడతారు. తిప్పి చూస్తే అది మా ఉదయగిరిదే కావచ్చు. నర్ది, బిక్కి కర్రలతో చెంచాలు, ఫోర్కులు చెక్కే పని ఇక్కడ తరాల నుంచి ఉంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చెంచాలు చెక్కే చేతులు ఉదయం ఇడ్లీని వేళ్లతోనే తుంచి నోట్లో వేసుకుంటాయి. చెంచాతో సంగటి తినే మనిషి ఒకడుంటాడని ఎవరైనా చెప్తే, చెక్కేవాళ్లు నమ్మరు గానీ ఆర్డరు మాత్రం తీసుకుంటారు. అసలు పల్లెతనం కొనుక్కుంటున్నానని మురిసేవాడు పల్లెలో ఎవరూ చేయని పని చేస్తుంటాడు. ఆ డబ్బు చెక్కినవాడి దాకా చేరితే నాకేం అభ్యంతరం లేదు, రెండు చేతులా రెండు చెంచాలతో తినమనండి.

ఒక్క మాట. ఆత్మకూరులాంటి ఊళ్లలో ఈ మధ్య వస్తున్న కెఫేలను ఈ లెక్కలో వేసి తిట్టమని కొందరు మిత్రులు నన్ను ఎగదోస్తున్నారు. గోడకు ప్లాస్టిక్ తీగలు, గులాబీ రంగు లైట్లు, గ్లాసులో నీలం రంగు నీళ్లు. ఎగతాళికి బోలెడంత సరుకుంది. నేను తిట్టను. మా పాత హోటల్లో తినడం అయిన మరుక్షణం క్లీనరు కుర్రాడు తడిగుడ్డతో బల్ల తుడుస్తాడు. ఇక లెమ్మని దాని అర్థం. ఆడపిల్లలు నలుగురు గంటసేపు కూర్చుని నవ్వుకోవడానికి ఈ ఊళ్లో గుడి అరుగు తప్ప చోటు ఉండేది కాదు. నీలం నీళ్లకు వాళ్లిచ్చేది ఆ కుర్చీ అద్దె. ఆ కెఫే తనని తాను అసలు సిసలు అనో, అమ్మమ్మ కాలం నాటిదనో చెప్పుకోదు. అబద్ధం ఆడని చోట నాకు పనిలేదు.

ఇంత రాసి ఒక్క హోటలు పేరూ చెప్పలేదేమని మీరడుగుతారు. చెప్పను. చెప్తే ఆదివారానికల్లా కర్రలు పట్టుకుని దిగుతారు. ఆకలేసి వచ్చినవాళ్లకు పేరుతో పనిలేదు. ఆత్మకూరు బస్టాండులో దిగి ఆటో అన్నను అడగండి. ఆయన ఫోను తియ్యడు, టైము చూస్తాడు. పది దాటితే ఒక పేరు చెప్తాడు, పదకొండు దాటితే "పిండి అయిపోయుంటదన్నా, భోజనానికే పోండి" అంటాడు. ఏఎస్ పేట దర్గాకు పోతూ ఆగినవాళ్లయితే, అక్కడ బిరియానీ ఏ బండి దగ్గర తినాలో కూడా అడక్కుండానే చెప్తాడు. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆ బండాయన ఐదొందల నోటు మారుస్తూ కూర్చునే రకం కాదు.